సీసా మీద పేరు చదివాకే కాలిక్యులేటర్: మోల్స్, గ్రాముల లెక్క

ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది: "మోల్స్‌ని గ్రాముల్లోకి మార్చేటప్పుడు గుణించాలో భాగించాలో ప్రతిసారీ తికమకే. ల్యాబ్‌లో 0.1 మొలార్ (లీటరుకి 0.1 మోల్) ఆక్సాలిక్ ఆమ్లం 250 మి.లీ. తయారుచేయమన్నారు. 2.25 గ్రాములు తూచి కలిపాను. అందులోంచి 10 మి.లీ. పిపెట్‌తో తీసి సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం (టైట్రేషన్) చేస్తే, 20 మి.లీ. దగ్గర రావాల్సిన, చర్య పూర్తయిందని చూపే గులాబీ రంగు 14.3 దగ్గరే వచ్చేసింది. మూడుసార్లు చేసినా అంతే. లెక్కవేస్తే సోడియం హైడ్రాక్సైడ్ గాఢత 0.14 అని తేలింది, సార్ మాత్రం 0.1 అంటున్నారు. గుణించాల్సిన చోట భాగించానా?"

లేదు. మీ గుణకారం సరిగ్గానే ఉంది. మూడుసార్లూ ఒకే అంకె వచ్చిందంటే చేతిపని కూడా బాగుంది. తప్పు కాలిక్యులేటర్ ముట్టుకోకముందే జరిగింది. 20ని 14.3తో భాగించండి, 1.4 వస్తుంది. ఇప్పుడు 126ని 90తో భాగించండి, అదీ 1.4. ఆక్సాలిక్ ఆమ్లం అణుభారం 90 అని పుస్తకంలో చూసి దానితో లెక్కకట్టారు. ల్యాబ్ సీసాలో ఉన్నది ఆక్సాలిక్ ఆమ్లం డైహైడ్రేట్, అంటే ఒక్కో అణువు వెంట రెండు నీటి అణువులను పట్టుకుని ఉన్న స్ఫటికం. దాని భారం 126. మీరు తూచిన 2.25 గ్రాముల్లో దాదాపు 0.64 గ్రాములు నీళ్ళే.

కాబట్టి గుణించాలా భాగించాలా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న: నేను లెక్కపెడుతున్నది దేన్ని? దీనికి జవాబు కాగితం మీద రాశాక రెండోది దానంతటదే తేలిపోతుంది. ఎలాగో చూద్దాం.

వరి సాగు తెలిసినవాళ్ళకు "వెయ్యి గింజల బరువు" అన్న మాట కొత్త కాదు. సాంబ మసూరి లాంటి సన్నరకం వెయ్యి గింజలు 15 గ్రాముల దగ్గర తూగుతాయి, పొడుగు గింజ రకాలు 20 దాటుతాయి. సంచిలో ఎన్ని గింజలున్నాయో ఎవరూ కూర్చుని లెక్కపెట్టరు. తూచి, వెయ్యి గింజల బరువుతో భాగిస్తారు. 300 గ్రాముల సాంబ మసూరి అంటే 300 ÷ 15 = 20 వేల గింజలు. తిరగేసి 8 వేల గింజలు కావాలంటే 8 × 15 = 120 గ్రాములు తూచాలి. మోలార్ ద్రవ్యరాశి, అంటే ఒక మోల్ బరువు, అచ్చంగా ఇదే. వెయ్యి బదులు 6.02214076 × 10²³ కణాలు, అంతే తేడా. రకం మారితే వెయ్యి గింజల బరువు మారినట్టే, పదార్థం మారితే మోల్ బరువు మారుతుంది. ఏ రకమో తెలియకుండా గింజలు లెక్కకట్టలేం కదా, ఇక్కడా అంతే.

ఆ పెద్ద అంకె గురించి ఒక్క మాట. 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటే అన్ని కణాలు ఒక మోల్ అని పాత పుస్తకాలు చెబుతాయి. 2019 మే 20 నుంచి ఆ నిర్వచనం మారింది. ఇప్పుడు పైన ఇచ్చిన సంఖ్యే నేరుగా మోల్‌కి నిర్వచనం. మీ లెక్కల్లో దీనివల్ల ఏ మార్పూ రాదు గానీ, మోల్ అంటే బరువు కాదు, సంఖ్య అన్న సంగతి కొత్త నిర్వచనంలో సూటిగా కనిపిస్తుంది. "ఒక మోల్ ఎన్ని గ్రాములు?" అని అడిగితే "దేని మోల్?" అని ఎదురు అడగాలి.

ఇక గుణకారం, భాగహారం. త్రిభుజం గీసి ఒక మూలను వేలితో మూసే చిట్కా చాలామంది నేర్పుతారు. నాకది నచ్చదు, ఎందుకంటే పరీక్ష హాల్లో ఏ మూలలో ఏముందో మరిచిపోతే ఇక పట్టుకోడానికి ఏమీ ఉండదు. ప్రమాణాలు రాయండి చాలు. మోలార్ ద్రవ్యరాశి ప్రమాణం "గ్రాములు/మోల్". మోల్స్‌ని దానితో గుణిస్తే కింద ఉన్న మోల్ కొట్టుకుపోయి గ్రాములు మిగులుతాయి. గ్రాములను దానితో భాగిస్తే గ్రాములు కొట్టుకుపోయి మోల్స్ మిగులుతాయి. పొరపాటున గ్రాములను గుణించారనుకోండి, జవాబు పక్కన "గ్రాము వర్గం/మోల్" అని వస్తుంది. అలాంటిది లోకంలో లేదు, వెంటనే దొరికిపోతారు.

ఇంకో కాపలా కూడా పెట్టుకోండి: అంచనా. హైడ్రోజన్ పరమాణువును వదిలేస్తే మిగతా వాటన్నిటికీ మోల్ బరువు ఒక గ్రాము కన్నా బాగా ఎక్కువ. కాబట్టి మామూలు పదార్థం ఏదైనా గ్రాముల అంకె పెద్దదిగా, మోల్స్ అంకె చిన్నదిగా ఉండాలి. 5 గ్రాముల ఉప్పు 292 మోల్స్ అని వచ్చిందంటే తలకిందులు చేశారని అర్థం. అసలు జవాబు 0.0856. 292 మోల్స్ ఉప్పంటే 17 కిలోలు!

మోలార్ ద్రవ్యరాశి కట్టేటప్పుడు జరిగే తప్పులు నాలుగైదే, కానీ అవే మళ్ళీ మళ్ళీ జరుగుతాయి. కాల్షియం హైడ్రాక్సైడ్ ఫార్ములాలో బ్రాకెట్ బయట 2 ఉంటుంది. అది ఆక్సిజన్‌కీ హైడ్రోజన్‌కీ రెంటికీ వర్తిస్తుంది: 40 + 2 × (16 + 1) = 74. హైడ్రోజన్‌ని మాత్రమే రెట్టింపు చేసి 40 + 16 + 2 = 58 అని రాసేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. అమ్మోనియం సల్ఫేట్‌లో కూడా ఇదే ఉచ్చు: నైట్రోజన్లు రెండు, హైడ్రోజన్లు ఎనిమిది, మొత్తం 132. సమీకరణంలో ఫార్ములా ముందు ఉండే అంకెను అణుభారంలో కలిపేయడం మరో తప్పు. "2 నీరు" అని ఉంటే నీటి మోలార్ ద్రవ్యరాశి 36 అయిపోదు. అది 18 గానే ఉంటుంది, ఉన్నవి రెండు మోల్స్.

క్లోరిన్‌ని 35 అనో 36 అనో గుండ్రం చేయకండి. ప్రకృతిలో దొరికే క్లోరిన్‌లో 35, 37 ఐసోటోపులు దాదాపు మూడు పాళ్ళకు ఒక పాలు చొప్పున కలిసి ఉంటాయి కాబట్టి సగటు 35.45. రాతపరీక్షలో 35.5 సరిపోతుంది. రాగి 63.5. మిగతా చాలావాటికి పూర్ణాంకం చాలు. ల్యాబ్‌లో మూడు దశాంశాలు చూపించే త్రాసు మీద తూచేటప్పుడు మాత్రం 126 కాకుండా 126.07 వాడండి. మధ్యలో వచ్చే అంకెలు కాలిక్యులేటర్‌లోనే ఉంచి, చివర్లో ఒక్కసారే గుండ్రం చేయండి.

"8 గ్రాముల ఆక్సిజన్ ఎన్ని మోల్స్?" అన్నది ప్రశ్నే సరిగా లేదు. ఆక్సిజన్ అణువులైతే 8 ÷ 32 = 0.25 మోల్, పరమాణువులైతే 8 ÷ 16 = 0.5 మోల్. మామూలుగా "ఆక్సిజన్ వాయువు" అంటే అణువులనే తీసుకుంటాం. ప్రశ్నలో "పరమాణువుల సంఖ్య" అని అడిగితే అణువుల మోల్స్ కనుక్కుని రెట్టింపు చేయాలి. పోటీ పరీక్షల్లో ఈ ఒక్క మాట మీదే మార్కులు పోతుంటాయి.

ఇప్పుడు స్ఫటిక జలం సంగతి, మీ తప్పు ఇక్కడే గనక కాస్త వివరంగా. మైలుతుత్తం రంగు చూసే చెప్పొచ్చు: నీలంగా ఉంటే అయిదు నీటి అణువులున్నట్టు, 249.7. వేడిచేసి తెల్లబడితే నిర్జల కాపర్ సల్ఫేట్, 159.6. ఆక్సాలిక్ ఆమ్లం అలా కాదు, రెండు రూపాలూ తెల్లగానే ఉంటాయి, కంటితో పట్టుకోలేం. చాకలి సోడా అయితే మరీ మోసం. పది నీటి అణువులతో 286, నిర్జలమైతే 106, రెంటికీ తేడా 2.7 రెట్లు. పైగా స్ఫటికాలు గాలి తగిలితే మెల్లగా నీరు కోల్పోయి పొడి అవుతాయి. సగం పొడైన సీసాలో ఉన్నది ఏదని లెక్కకట్టాలి? ఏదీ కాదు. అందుకే ప్రమాణ ద్రావణానికి (గాఢత కచ్చితంగా తెలిసిన ద్రావణానికి) నిర్జల సోడియం కార్బొనేట్‌నే బాగా ఆరబెట్టి వాడతారు. ఇనుప లవణాల్లో మోర్ లవణానికి ఆరు నీటి అణువులు, మొత్తం 392. సీసా లేబుల్ మీద అణుభారం అచ్చువేసే ఉంటుంది. పుస్తకం కన్నా ముందు దాన్ని చదవండి. మీరు లెక్కవేసిన అంకె దానితో కలవకపోతే నీటి అణువులను మరిచిపోయారన్నమాట.

ల్యాబ్‌లో మీరు చేయాల్సిన క్రమం ఇలా ఉంటుంది. 250 మి.లీ. అంటే 0.25 లీటర్లు. ఈ మార్పు మరిచిపోతే జవాబు వెయ్యి రెట్లు పోతుంది. కావాల్సిన మోల్స్ 0.1 × 0.25 = 0.025. గ్రాములు 0.025 × 126.07 = 3.152. ఇప్పుడు త్రాసు దగ్గర 3.152 సరిగ్గా రావాలని చిటికెడు వేసి, చిటికెడు తీసి కుస్తీ పట్టకండి. ఒకసారి బయటికి తీసిన రసాయనాన్ని మళ్ళీ సీసాలో వేయకూడదు కూడా. 3.1, 3.25 మధ్య ఎంతొచ్చినా ఫరవాలేదు, కానీ ఎంతొచ్చిందో చివరి అంకెదాకా రాసుకోండి. 3.210 వచ్చిందనుకుందాం. 3.210 ÷ 126.07 = 0.02546 మోల్, దాన్ని 0.25తో భాగిస్తే 0.1018 మొలార్. మీ ద్రావణం గాఢత అదే, ఇక అన్ని లెక్కల్లోనూ 0.1 బదులు ఆ అంకే వాడతారు. 0.1 అన్నది లక్ష్యం, 0.1018 అన్నది నిజం.

తూచిన దాన్ని చిన్న బీకరులో కొద్ది నీటితో పూర్తిగా కరిగించి, గరాటు పెట్టి, మెడ మీద 250 మి.లీ. గీత ఉన్న స్టాండర్డ్ ఫ్లాస్క్‌లో పోయండి. బీకరునీ గరాటునీ రెండు మూడుసార్లు కొద్దికొద్ది నీటితో కడిగి ఆ కడుగునీళ్ళు కూడా అందులోనే పోయాలి. అక్కడ అంటుకుపోయినవీ మీరు లెక్కపెట్టిన మోల్సే. గీత దగ్గరికి వచ్చాక చుక్కలుగా పోసి, మూత బిగించి పదిసార్లయినా తిరగేయండి. అన్నట్టు, ఫ్లాస్క్‌లో ముందే 250 మి.లీ. నీళ్ళు కొలిచి అందులో పొడి వేస్తే మొత్తం పరిమాణం 250 ఉండదు. గీతదాకా నింపడం చివరి పని.

సోడియం హైడ్రాక్సైడ్‌ని ఇలా తూచి ఎందుకు తయారుచేయరని అడగొచ్చు. 0.1 మొలార్ లీటరుకి 4 గ్రాములని లెక్క సులభంగానే వస్తుంది. కానీ ఆ తెల్లటి బిళ్ళలు త్రాసు మీదే గాలిలోని తేమనీ కార్బన్ డయాక్సైడ్‌నీ పీల్చుకుని చెమ్మగిల్లుతాయి. తూచిన 4 గ్రాముల్లో అసలు సరుకెంతో తెలియదు. మళ్ళీ అదే మొదటి ప్రశ్న: తూచింది దేన్ని? అందుకే దాన్ని ఉజ్జాయింపుగా కలిపి, నమ్మకంగా తూచగలిగే ఆక్సాలిక్ ఆమ్లంతో దాని గాఢత కనుక్కుంటారు. మీచేత చేయించిన ప్రయోగం ఉద్దేశం ఇదే.

బరువుని మోల్స్‌లోకి మార్చి చూస్తే తప్ప కనపడని సంగతి ఒకటి చూపిస్తాను. ఇంట్లో ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ ఉంటే వెనక్కి తిప్పి చదవండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ డైహైడ్రేట్ 2.9, నిర్జల గ్లూకోజ్ 13.5. గ్రాముల్లో చూస్తే ఈ అంకెలకు పొంతనే లేదు, గ్లూకోజ్ ఉప్పుకి అయిదు రెట్లకు పైగా ఉంది. మోల్స్‌లోకి మార్చండి. గ్లూకోజ్ 13.5 ÷ 180.16 = 0.0749, అంటే 75 మిల్లీమోల్స్. సోడియం క్లోరైడ్ 2.6 ÷ 58.44 = 44.5 మిల్లీమోల్స్. సిట్రేట్ 2.9 ÷ 294.1 = 9.86 మిల్లీమోల్స్, అయితే ఒక్కో సిట్రేట్‌కీ మూడు సోడియంలు కాబట్టి సోడియం 29.6. రెండూ కలిపితే సోడియం 74, సూత్రంలో రాసేది 75. అంటే గ్లూకోజ్, సోడియం సంఖ్యలో సమానం! పేగు గోడలో సోడియంనీ గ్లూకోజ్‌నీ కలిపి లోపలికి లాక్కునే ద్వారాలున్నాయి, వాటి వెంటే నీరూ వెళుతుంది. ఆ ద్వారాలకు గ్రాములతో పనిలేదు, అవి తలలు లెక్కపెట్టుకుంటాయి. క్లోరైడ్ కూడా చూడండి: ఉప్పు నుంచి 44.5, పొటాషియం క్లోరైడ్ నుంచి 1.5 ÷ 74.55 = 20.1, కలిపితే దాదాపు 65. ప్యాకెట్ మీద క్లోరైడ్ 65 అని ఉంటుంది. అక్కడ మిల్లీమోల్స్ పట్టిక అచ్చువేసి ఉంటే, గ్రాముల నుంచి మీరే కట్టి దానితో సరిచూసుకోండి. దీనికన్నా మంచి అభ్యాసం నాకు తెలియదు, ఎందుకంటే సిట్రేట్ దగ్గర స్ఫటిక జలం, "ఒక్క ఫార్ములాలో మూడు సోడియంలు" అన్న మెలిక రెండూ ఒకేచోట ఉన్నాయి. తయారీదారు నిర్జల గ్లూకోజ్ బదులు ఒక నీటి అణువున్న గ్లూకోజ్ వాడితే 13.5 సరిపోదు, 198.17 లెక్కన 14.85 గ్రాములు వేయాలి. మీ 2.25 గ్రాముల కథే ఇది.

చర్యల లెక్కలకొస్తే, ఒక పదార్థం గ్రాముల నుంచి మరో పదార్థం గ్రాములకు నేరుగా దారి లేదు. మోల్స్‌లోకి దిగి, సమీకరణంలోని నిష్పత్తి ప్రకారం పక్కకు జరిగి, మళ్ళీ గ్రాముల్లోకి ఎక్కాలి. పల్నాడులో పిడుగురాళ్ళ బట్టీల్లో సున్నపురాయి కాలుస్తారు కదా. కిలో శుద్ధమైన సున్నపురాయి 1000 ÷ 100 = 10 మోల్స్. ఒకదానికొకటి నిష్పత్తి కాబట్టి 10 మోల్స్ పొడిసున్నం, అంటే 560 గ్రాములు. మిగతా 440 గ్రాములు కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిసిపోతుంది. రాయిలో 90 శాతమే కాల్షియం కార్బొనేట్ ఉంటే ముందు 1000ని 900 చేసుకుని మొదలుపెట్టాలి, అప్పుడు సున్నం 504 గ్రాములు. ఆ 560 గ్రాముల పొడిసున్నాన్ని నీళ్ళు పోసి తడిసున్నంగా మార్చడానికి లెక్క ప్రకారం 10 మోల్స్ నీళ్ళు, అంటే 180 గ్రాములు చాలు. నిజంగా అంతే పోస్తే చాలదు, పుట్టే వేడికి చాలా నీరు ఆవిరైపోతుంది. కాగితం మీది లెక్క కనీసం ఎంతో చెబుతుంది, అంతవరకే.

రైతులు పంట తెగుళ్ళకు చల్లే ఒక శాతం బోర్డో మిశ్రమానికి 100 లీటర్ల నీటిలో కిలో మైలుతుత్తం, కిలో సున్నం వేస్తారు. బరువులు సమానం. మోల్స్‌లో చూస్తే మైలుతుత్తం 4, పొడిసున్నం 17.8. సున్నం నాలుగు రెట్లకు పైగా ఎక్కువ పడుతోంది, కావాలనే. మార్కెట్ సున్నం ఎప్పుడూ శుద్ధంగా ఉండదు, రాగి కరిగి మిగిలిపోతే ఆకు మాడుతుంది. మిశ్రమంలో మెరిసే ఇనుప చాకు ముంచి, దానిమీద ఎర్రటి రాగి పూత కనిపిస్తే సున్నం ఇంకా కలుపుతారు. సమాన బరువులంటే సమాన మోల్స్ అనుకునేవాళ్ళకు ఈ ఉదాహరణ చూపిస్తే చాలు.

22.4 లీటర్ల గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నా. అది వాయువులకే, 0 డిగ్రీల సెల్సియస్, ఒక అట్మాస్ఫియర్ పీడనం దగ్గరే. పీడనం ఒక బార్ అని ఇస్తే 22.7. గ్లాసులో నీళ్ళకు వర్తించదు, ఒక మోల్ నీరు 18 మి.లీ., రెండు గుటకలు.

ఇక మీ ప్రయోగం. మళ్ళీ చేయాల్సిన పనిలేదు. మీ ఫ్లాస్క్‌లో ఉన్నది 0.1 కాదు, 2.25 ÷ 126.07 ÷ 0.25 = 0.0714 మొలార్. ఒక ఆక్సాలిక్ ఆమ్లానికి రెండు సోడియం హైడ్రాక్సైడ్‌లు కాబట్టి 2 × 0.0714 × 10 ÷ 14.3 = 0.0999. సార్ చెప్పిన 0.1 వచ్చేసింది. రికార్డులో 90 అని ఉన్నచోట ఒక గీత కొట్టి పక్కన 126.07 రాయండి, కింది రెండు వరుసలు మార్చండి. బ్యూరెట్ రీడింగులు మాత్రం ముట్టుకోవద్దు, అవి సరైనవే.